వంటావార్పు దగ్గర నడుము ఫొటో పంచాయితీ

నలభై నాలుగేళ్లకే రిటైరైన రేడియాలజిస్టు కనబడితే జనం మొదట అడిగేది ఒకటే. గొంతు తగ్గించి, చుట్టూ చూసి, "కిరణాలు తగిలాయా?" అంటారు.

తగల్లేదు. కిరణాలు నాతో చాలా మర్యాదగా ఉన్నాయి. నన్ను దెబ్బకొట్టింది వాటి నుంచి కాపాడటానికి తొడుక్కునే సీసం కోటు. పేగుల పరీక్షలూ, గర్భసంచి నాళాల పరీక్షలూ చేస్తూ ఆ బరువును ఏళ్ల తరబడి భుజాల మీద మోశాను. చివరికి నడుములో డిస్కు జారింది. ఇప్పుడు నా వయసు నాది, నా నడుము వయసు మా తాతది. రేడియాలజిస్టుల సంఘం వాళ్లు పిలిచి శాలువా కప్పి "సీనియర్" అన్నారు. శాలువా తేలికగా ఉంది, అదొక్కటే సంతోషం.

ఈ వృత్తిలోకి వస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాలుగు మాటలు రాయమన్నారు. మిషన్ల గురించి నేను చెప్పక్కర్లేదు, కంపెనీవాళ్లు టీ ఇప్పించి మరీ చెబుతారు. నేను చెప్పేది డాక్టర్ల గురించి. అంటే, పరీక్ష రాసే చేతి గురించి.

పెద్ద మిషన్, పెద్ద భయం

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం బాగా ముదిరిన రోజుల్లో నాకు మూడు ఊళ్లలో పని. కొన్ని రోజులు జనగామ, కొన్ని రోజులు మహబూబాబాద్, మిగిలినవి భూపాలపల్లి. అప్పటికి మూడూ ఒకే జిల్లా. రోడ్డు మాత్రం మూడు దేశాలకు సరిపడా ఉండేది. ఎక్కడ రాస్తారోకో ఉంటే అక్కడ కారు ఆపి, దిగి, కాసేపు నినాదాలిచ్చి, మళ్లీ ఎక్కేవాణ్ని. స్కానింగ్ కోసం ఎదురుచూసే పేషెంట్లు కూడా చాలాసార్లు అదే రాస్తారోకోలో కూర్చుని ఉండేవారు. కాబట్టి ఆలస్యమైందని ఎవరూ ఎవర్నీ అనడానికి లేదు.

ఒకసారి మహబూబాబాద్‌లో డాక్టర్లందరం భోజనాలకు కలిశాం. ఊరికే సరదాకి ఒక ప్రశ్న వేశాను. సీటీ స్కాన్, ఎంఆర్ఐ, ఈ రెండింటిలో దేనికి రేడియేషన్ ఎక్కువ?

విఠల్ సార్ వెంటనే చెయ్యెత్తాడు. ఊళ్లో అందరికంటే పెద్ద నర్సింగ్ హోం ఆయనది. జ్వరం నుంచి అపెండిక్స్ దాకా అన్నీ ఆయనే చూసేవాడు. చెయ్యి మంచిది, గొంతు ఇంకా మంచిది.

"ఎంఆర్ఐ! అంత పెద్ద మిషన్ గదా. పైంగ అర్ధగంట లోపల పండవెడ్తరు."

"ఎంఆర్ఐకి అసలు రేడియేషనే ఉండదు సార్. అది అయస్కాంతం."

"మరి గంత సప్పుడెందుకు జేస్తది?"

దీనికి నా దగ్గర సమాధానం ఉంది గానీ, మటన్ చల్లారిపోతోంది. పక్కనున్న ఇంకో డాక్టరు, గర్భిణులకు అల్ట్రాసౌండ్ పదే పదే చేయిస్తే కిరణాలు తగులుతాయని తన పేషెంట్లను హెచ్చరిస్తానని చెప్పాడు. అదే మనిషి తలనొప్పి అన్న ప్రతి పిల్లవాడికీ సీటీ రాసేవాడు. కిరణాలు లేనిచోట వణుకు, ఉన్నచోట ధైర్యం. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, తెలివితక్కువవాళ్లూ కాదు. కాలేజీలో ఈ పాఠం ఒక మధ్యాహ్నం చెప్పారు, ఆ మధ్యాహ్నం మేమంతా నిద్రపోయాం. నేను ఆ తర్వాత రేడియాలజీలో చేరాను కాబట్టి లేచి చదవాల్సి వచ్చింది. అంతే తేడా.

విరగని ఎముక

భయం లేనివాళ్లలో డాక్టర్లకంటే ఘనులు ఉద్యమ నాయకులు. జనగామలో ఒకరోజు జఫర్‌గఢ్ నుంచి కొమురన్న అనే యువ నాయకుడు వచ్చాడు. లాఠీచార్జిలో ముంజేతికి దెబ్బ తగిలింది. వాపు ఉంది, ఎముక నిక్షేపంగా ఉంది. ఆ సంగతి చెబితే మొహం మాడ్చుకున్నాడు.

"జర మంచిగ జూడు అన్నా. సన్నగ గీతన్న ఉండదా?"

"లేదు కొమురన్నా. నీ బొక్క ఇనుములెక్క ఉన్నది."

"గట్లంటెట్లనే! పక్క మండలపాయనకు రెండు తావుల ఇరిగిందట. ఇంకో దిక్కు నుంచి తియ్యి. పెద్ద ఫిలిం మీద తియ్యి."

"ఊరికూరికే తీస్తే కిరణాలు దండుగ."

"తెలంగాణ కోసం పానమిస్తనన్నోన్ని, కిరణాలకు బుగులు పడ్తనా?"

కిరణాలకూ తెలంగాణకూ ఏ తగాదా లేదని చెప్పి చూశాను. వినలేదు. వాళ్ల డాక్టరు దగ్గరకు పోయి ఇంకో చీటీ రాయించుకొచ్చాడు. ఆ డాక్టరు అడగ్గానే రాసిచ్చాడు. ఎందుకంటే అడిగింది నాయకుడు. మళ్లీ తీశాం, ఎముక మళ్లీ బాగానే ఉంది. ఆ సాయంత్రం సభలో కొమురన్న ఆ ఫిల్మును తలకిందులుగా పట్టుకుని జనానికి చూపించాడు. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. నా వృత్తిజీవితంలో ఒక ఎక్స్‌రేకు చప్పట్లు వచ్చింది అప్పుడే. చీటీ రాసే ముందు డాక్టరు తనను తాను ఒక్క ప్రశ్న అడగాలి: ఈ ఫొటో ఏం చెబితే నేను నా వైద్యం మారుస్తాను? కొమురన్న చేతికి ఎన్ని ఫొటోలు తీసినా వైద్యం ఒకటే, ఐసుముక్క.

అత్తను అడిగిన ప్రశ్న

ఇక అసలు సంగతి. దీనికి మహబూబాబాద్ పోవాలి.

అక్కడ సెంటరులో ఎక్స్‌రే టెక్నీషియన్ ఖాజా భాయ్. పని మంచిగా వచ్చు, మర్యాద ఇంకా ఎక్కువ వచ్చు. ఆ మర్యాదతోనే చిక్కు. ఆడవాళ్లకు పొట్ట దగ్గరో నడుము దగ్గరో ఎక్స్‌రే తీసే ముందు నెల తప్పిందా అని అడగాలి. నేను పెట్టిన నియమం అది. ఖాజా భాయ్‌కి ఆ ప్రశ్న పరాయి ఆడమనిషిని అడగాలంటే చెవులు ఎర్రబడేవి. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. పేషెంటును అడిగేవాడు కాదు, వెంట వచ్చిన అత్తను అడిగేవాడు.

నర్సింహులపేట పక్కన తండా నుంచి సరోజ అనే ఆమె వచ్చింది. మిరపకాయ ఏరడానికి పోతూ ట్రాక్టరు ట్రాలీ మీద నుంచి దిగబోయి జారిపడింది. నడుము పట్టేసింది. విఠల్ సార్ చూసి, "ఓ ఫొటో తీపిద్దాం," అన్నాడు. ఆయనకు "నమస్తే" తర్వాత వచ్చే మాట అదే. ఖాజా భాయ్ నేలకేసి చూస్తూ ఆమె అత్త కమ్లమ్మను అడిగాడు: "అవ్వా, కోడలికి... అట్లాంటిదేమన్న ఉందా?"

"ఏం లేదు, తియ్యి," అంది కమ్లమ్మ.

కమ్లమ్మ అబద్ధం చెప్పలేదు. కోడలు ఆమెకింకా చెప్పలేదు, అంతే. చెబితే మిరప చేనుకు పోనియ్యదని ఆ పిల్ల భయం. నడుము ఫొటో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి తీశారు. ఎముకలు బాగున్నాయి. మందులిచ్చి పంపారు.

కొన్ని వారాలకు వాంతులతో వచ్చింది. స్కానింగ్ నేనే చేశాను. లోపల చిన్న గుండె టకటకా కొట్టుకుంటోంది. ఎక్స్‌రే ముచ్చట నాకెవరూ చెప్పలేదు. అంతా బాగుందని రిపోర్టు ఇచ్చి భూపాలపల్లి పోయాను. ఇదే సినిమా అయితే పెళ్లయిన పన్నెండేళ్లకు పండిన కడుపని రాసేవాణ్ని. కాదు. ఇంట్లో ఒక ఆడపిల్ల ఉంది, ఇంకొకరు కావాలనుకున్నారు. ఒక మనిషికి బిడ్డ కావాలంటే అంతకంటే పెద్ద కథ అక్కర్లేదు.

ఆ రిపోర్టు తీసుకుని విఠల్ సార్ దగ్గరకు పోయారు. సార్ వేళ్ల మీద వెనక్కి లెక్కేసుకున్నాడు. నడుము ఫొటో తీసిన రోజుకు కడుపు నిలబడి ఉంది. ఊరందరికీ ఫొటోలు రాసిన మనిషికి ఆ ఒక్క ఫొటోతో చెమటలు పట్టాయి.

"తీసెయ్యాలె," అన్నాడు.

బంద్ రోజు ఫోన్

నేను భూపాలపల్లిలో చిక్కుకుని ఉన్నాను. బంద్. బస్సులు లేవు, దుకాణాలు లేవు, బొగ్గు బావులకు పోయేవాళ్లు కూడా లేరు. పొద్దున్నే సరోజ భర్త రవి ఫోన్ చేశాడు. ఆటో నడుపుతాడు. నంబరు ఖాజా భాయ్ ఇచ్చాడట.

"సార్, పరేషాన్ల ఉన్నం. నడుము ఫొటోతోని పిల్లకు కిరణాలు తగిలినయి, తీసెయ్యాలె అంటున్నడు విఠల్ సారు. మీరేమో గుండె మంచిగ కొట్టుకుంటున్నదంటిరి."

"ఎప్పుడు తీసేస్తనన్నడు?"

"ఇయ్యాలనే. సారు రోడ్డు మీద వంటావార్పుల ఉన్నడు. వంట అయిపోయినంక జేస్తనన్నడు. సార్, ఒక్క మాట అడుగుత, కోపం జేయొద్దు. ఇంకోసారి ఎక్స్‌రే తీసి చూస్తె తెలుస్తదా, లోపలికి కిరణాలు తగిలినయో లేదో?"

నవ్వు రావాలి. రాలేదు. "ఏం తియ్యొద్దు. ఎవర్నీ ఏం చేయనియ్యొద్దు. నేనొస్తున్న," అన్నాను.

విఠల్ సార్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మైకు పక్కన నిలబడ్డ మనిషికి ఫోన్ ఏం వినబడుతుంది? కారు తీశాను.

వంటావార్పు తెలియని పిల్లలకు చెప్పాలి. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, ఆ రకంగా ప్రభుత్వానికి బుద్ధి చెప్పడం. డాక్టరు స్టిక్కరున్న కారును ఎక్కడా ఆపలేదు. కానీ తినకుండా ఎక్కడా వదల్లేదు. ఘనపూర్ దగ్గర పులిహోర. "అర్జంటు కేసు అన్నా," అంటే, "అర్జంటుగ తిను," అన్నారు. ఇంకొంచెం ముందుకు పోతే ఉప్మా. వరంగల్ దాటాక పప్పన్నం, పైన ఆవకాయ. ఒక బిడ్డను కాపాడటానికి గాలిలా దూసుకుపోతున్న వీరుడు ప్రతి ఊళ్లో విస్తరి మడిచి, చేతులు కడుక్కుని, మళ్లీ దూసుకుపోయాడు. మహబూబాబాద్ చేరేసరికి నాకే నెలలు నిండినట్టుంది.

డేగ్ పక్కన

రోడ్డు మధ్యలో టెంటు, డాక్టర్ల బ్యానరు, గుండిగంత పెద్ద డేగ్‌లో బగారా అన్నం. మెడలో ఉద్యమ కండువాతో విఠల్ సార్ పెద్ద గరిటె పట్టుకుని కలుపుతున్నాడు. కమ్లమ్మను కూడా ఖాళీగా ఉంచలేదు, ఉల్లిగడ్డలు కోస్తోంది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. దేనివల్లనో చెప్పలేం. టెంటు గుంజకు ఆనుకుని సరోజ కూర్చుంది, పక్కన రవి. మత్తు ఇవ్వాలి కాబట్టి పొద్దున్నుంచి ఆమెను ఏమీ తినొద్దన్నారు. ఊరంతా తినడానికే కూర్చున్న చోట తినకూడని మనిషి ఆమె ఒక్కతే.

"ఏంది తమ్మీ, భూపాలపల్లి నుంచి బగారకొచ్చినవా?" అన్నాడు విఠల్ సార్.

"సరోజ సంగతి మాట్లాడాలె సార్."

"మాట్లాడుడేమున్నది? నడుము ఫొటో. కడుపుల నుంచే పోయినయ్ కిరణాలు."

"ఎంత పోయినయ్ సార్?"

"ఎంత ఏంది? పోయినయా, లేదా? గంతే."

నేను డేగ్ వైపు చూశాను. "ఉప్పేసిర్రా సార్?"

"ఏసిన."

"ఏసిర్రా లేదా, గంతేనా? ఎంత ఏసిర్రో గూడ జూసిర్రా?"

సార్ నావైపు అదోలా చూశాడు. ఉప్పు విషయంలో ఆయన్ను శంకించినవాడు ఆ ఊళ్లో అంతకుముందు లేడు. "చేతుల ఏసుకొని, నాలుక మీద పెట్టుకొని జూసిన. నాకు జెప్తవా?"

"గదే సార్. ఉప్పుకైతే ఎంత అని అడుగుతరు. కిరణాలకైతే ఉన్నయా లేవా అని అడుగుతరు. చెంబెడు పప్పుల దోసెడు ఉప్పేస్తే పారబోస్తం. ఇంత డేగ్‌ల చిటికెడు పడితే పారబోస్తమా? నడుము ఫొటోల కడుపుకు చేరేది చిటికెడు. పిల్లకు వంకర వచ్చే మోతాదుకు అది చాలా కింద ఉంటది. నేను జెప్పుడు కాదు, పుస్తకాలల్ల ఉన్నది."

గరిటె ఆగింది. సార్ గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడం కూడా నేను మొదటిసారి విన్నాను.

"నువ్వు జెప్పేది నిజమే అనుకో. రేపు ఏదన్న వంకర పుడితే? ఈ డేగ్ జూపియ్యాల్నా వాళ్లకు? నా దవాఖాన ముంగట టెంటేసుకొని కూసుంటరు."

అప్పుడర్థమైంది. ఆయన భయం కిరణాలది కాదు, టెంటుది. ఇది మీరంతా గుర్తుపెట్టుకోండి. మన అజ్ఞానం రెండు వేషాల్లో వస్తుంది. రాసేటప్పుడు ధైర్యంగా వస్తుంది, రాసిన తర్వాత భయంగా వస్తుంది. రెండింటి ఖర్చూ పేషెంటుదే.

మేమిద్దరం ఇట్లా గుసగుసలాడుతుంటే సరోజ లేచి వచ్చింది. నడుము ఇంకా కొంచెం పట్టేసి ఉంది కాబోలు, చెయ్యి పెట్టుకుని నడిచింది.

"సార్, ఫొటో తీసిననాడు నన్నొక్క మాట అడుగలే. మా అత్తను అడిగిర్రు. ఇయ్యాల కడుపు తీసేటప్పుడు గూడ నన్ను అడుగరా?"

ఆ మాటకు మైకులో పాట ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఇంకో చరణం ఎత్తుకున్నారు. అందుకని నేను గట్టిగా అరుస్తూ ఆమెకు వివరించాల్సి వచ్చింది. ఆ రోడ్డు మీద కూర్చున్న సగం మందికి ఆమె కడుపు సంగతి నా వల్లే తెలిసింది.

"అక్కా, గా ఫొటోతోని పిల్ల చెడిపోతదనేది లేదు. కిరణాలు ఏం జేయవని ఒట్టు పెట్టను. ఎప్పటికో ఏదో రావచ్చన్న భయం రవ్వంత ఉంటది. కాని కడుపు తీసేసేటంత భయం కాదు. అడగకుండ ఫొటో తీసుడు మా తప్పు. దానికి నువ్వు బిడ్డను ఇయ్యనక్కర లేదు."

"గ్యారంటీనా సార్?" రవి అడిగాడు.

"ఫొటో తియ్యకపోయినా గ్యారంటీ ఇయ్యరాదు తమ్మీ. ఏ కడుపుకన్న కొంచెం భయం ఉంటది."

"పెద్దబిడ్డప్పుడు గ్యారంటీ ఎవ్వరిచ్చిర్రు?" అంది సరోజ భర్తతో. తర్వాత విఠల్ సార్ వైపు తిరిగింది. "నాకు కావాలె సార్."

కమ్లమ్మ కత్తిపీట పక్కకు జరిపి లేచింది. "నన్నడిగితే నాకేం ఎరుక బిడ్డా! దాన్నే అడుగరాదుండ్రి?" అని ఎవరో తన మీద నేరం మోపినట్టు అందరి మీదా అరిచింది. ఆ క్షణంలో ఆ రోడ్డు మీద రేడియేషన్ భద్రత తెలిసినవాళ్లలో ఆమే ముందుంది.

విఠల్ సార్ డేగ్ వైపు తిరిగాడు. నన్ను పుస్తకం చూపించమంటాడనుకున్నాను. బాధ్యత నాదేనని చీటీ మీద సంతకం పెట్టమంటాడనుకున్నాను. ఆయన గరిటెతో అడుగు నుంచి కలిపి, ఒక విస్తరి నిండా బగారా వేసి, దాని పక్కన వంకాయ కూర పోశాడు.

"ఓ రవీ! ముందుగాల నీ పెండ్లానికి అన్నం పెట్టు."

అన్నం తిన్నాక మత్తు ఇవ్వరు. అక్కడ చాలామందికి అది ఉత్త అన్నమే. నాకూ సరోజకూ విఠల్ సార్‌కూ మాత్రం తీర్పు.

నన్ను కూడా కూర్చోబెట్టారు. వద్దంటే ఉద్యమ ద్రోహి అన్నారు. తిన్నాను.

ఆ తర్వాత

మర్నాడు విఠల్ సారే వాళ్లను వరంగల్‌లో ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరకు పంపాడు. ఆమె కూడా ఉంచుకోమనే చెప్పింది. నెలలు గడిచాయి. రాష్ట్రం కంటే ముందు పాపే వచ్చింది. వేళ్లు, ముక్కు, చెవులు అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

అయినా కమ్లమ్మ కిరణాలను వదల్లేదు. మొదటి వారమే ఫోన్: "బిడ్డా, పొద్దంత పంటది, రాత్రంత లేచి ఒర్లుతది. కిరణాలతోనేనా?" "కాదవ్వా, గది పిల్లలతోనే." పాపకు పళ్లు ముందు వస్తే కిరణాలు. ఎడమ చేత్తో తింటే కిరణాలు. పాప బడికి పోయి, లెక్కల్లో అందరికంటే ముందుంటే, అది మాత్రం కిరణాలు కాకుండా ఎట్లా పోతుంది?

నేను రిటైరయ్యే ముందు ఒకరోజు కమ్లమ్మ చిన్న కోడలిని వెంటబెట్టుకుని సెంటరుకు వచ్చింది. ఆ అమ్మాయికి అప్పుడే నెల తప్పింది. ఈసారి కమ్లమ్మకు ముందే తెలుసు, లోపలికి రాకముందే చెప్పేసింది.

"డాక్టరు బిడ్డా, దీనికి గూడ గా నడుము ఫొటో తియ్యి. నిలువుకొకటి, అడ్డంకొకటి. పిల్లలు మస్తు హుషారైతరు."

నేను చెప్పాల్సిందంతా చెప్పాను. సరోజ పాపకు ఏమీ కాలేదంటే కిరణాలు మంచి చేశాయని కాదన్నాను. కమ్లమ్మ ఓపికగా విని, "నీకు నడుము నొస్తున్నట్టున్నది, నువ్వు కూసో. విఠల్ సారు రాస్తడు. ఆయన అడిగినోళ్లకు లేదనడు," అని కోడలి చెయ్యి పట్టుకుని పోయింది.

ఫోన్ చేసి సార్‌ను హెచ్చరిద్దామనుకుంటూనే ఉన్నాను. అంతలోనే ఆమె తిరిగి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, బల్ల మీద కూలబడింది.

"గాయన మారిపోయిండు బిడ్డా," అంది, ఊరికి ఏదో నష్టం జరిగినట్టు. "నన్ను బయట కూసొమ్మని దాన్నొక్కదాన్నే అడిగిండు. ఫొటో రాయి సారూ అంటే, ఎందుకు అంటడు. గిట్ల కారణాలడిగితే ఇంక దవాఖాన ఏం నడుస్తది?"